పైథాన్ నేర్చుకుందాం, 6వ పాఠం: వరస నంబర్లు ఒక్క లైన్లో

పోయిన పాఠంలో ఖాళీ లిస్టు పెట్టుకుని ఫర్ లూపు తిప్పి అపెండ్ కొట్టాం కదా, ఆ మూడు లైన్ల పని ఇయ్యాళ ఒక్క లైన్లో అయిపోద్ది. మాది చీమకుర్తి, ఇక్కడ క్వారీలో గెలాక్సీ గ్రానైటు బ్లాకు పైకి రాగానే పెయింటుతో నంబరు వేస్తారు, సరే 101 నించి 112 దాకా 12 బ్లాకులు తీశారనుకోండి.

బ్లాకులు = లిస్ట్(రేంజ్(101, 113))

(మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్నబడిలోనే కొట్టాలి.)

ఆఖరిది 112 అయితే 113 ఏంది అంటారు, నేనూ మొదట్లో తిట్టుకున్నా. రేంజ్ మొదటి నంబరు తీసుకుంటది, రెండోదాన్ని ముట్టుకోదు, దానికి ముందే ఆగిపోద్ది. ఒకసారి 112 అనే కొట్టి ప్రింటు తీసుకుని యార్డులోకి పోతే, క్రేన్ ఆయన చివరి బ్లాకు పక్కన నిలబడి "ఇది మనది కాదా అబ్బయ్యా" అన్నాడు. కానీ పోనుపోను చూస్తే సుఖమంతా అందులోనే ఉంది. 113లో 101 తీసేస్తే 12, ఎన్ని బ్లాకులో అదే, పైన ఒకటి కలపక్కర్లా. రేపటివి రేంజ్(113, 120), ఇయ్యాళ ఆపిన నంబరుతోనే రేపు మొదలు, ఏదీ రెండుసార్లు పడదు, ఏదీ తప్పిపోదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లోనే ఈ పద్ధతే మేలని రాశాడు.

మరి ముందు లిస్ట్ ఎందుకంటే, పైథాన్ 3లో రేంజ్ ఒక్కటే ప్రింట్ చేస్తే నంబర్లు రావు, రేంజ్(101, 113) అనే కనపడుద్ది. అది నంబర్లన్నీ మోసుకు తిరగదు, మొదలు, ఆపు, అడుగు (ఒక్కోసారి ఎంత దూకాలో) ఈ మూడే గుర్తుంచుకుని అడిగినప్పుడు లెక్కేసి ఇస్తది. పైథాన్ 2లో నేరుగా లిస్టే వచ్చేది, పాత వీడియోలు చూసేవాళ్ళు తికమకపడేది ఇక్కడే. లూపు తిప్పడానికే అయితే లిస్ట్ అక్కర్లా. ఇంకా పొట్టిగా [*రేంజ్(101, 113)] అని కూడా కొట్టొచ్చు, పైథాన్ 3.5 నించి నడుస్తది, నాకైతే లిస్ట్ అని రాయడమే ఇష్టం, ఆర్నెల్ల తర్వాత తెరిచినా ఏంటో తెలుస్తది.

మూడో నంబరు పెడితే అదే ఆ అడుగు. రేంజ్(101, 113, 2) అంటే 101, 103, 105 అట్టా. వెనక్కి రావాలంటే రేంజ్(112, 100, -1), ఇక్కడా అంతే, 100 రాదు, 101 దగ్గరే ఆగుద్ది.

ఇంటిపని: 250 నించి 241 దాకా వెనక్కి లిస్టు తయారుచేసి లెన్ (లిస్టులో ఎన్ని ఉన్నాయో చెప్పేది) కొట్టండి. 10 రావాలి, 9 వస్తే మీ యార్డులోనూ ఒక బ్లాకు మిగిలిపోయినట్టే. వచ్చే పాఠంలో ఈ నంబర్ల ముందు క్వారీ కోడు తగిలిద్దాం.