ఇంట్లో చీమలా? తుడిచే ముందు బారు ఎక్కడిదో చూడండి

మృగశిర కార్తెలో రెండు వానలు పడితే చాలు, హనుమకొండలో మా వంటింటి గట్టు మీద చీమల బారు మొదలవుతుంది. పుట్టలోకి నీళ్లు చేరితే అవి పొడి చోటు వెతుక్కుంటాయి. నడి ఎండాకాలంలో ఇంకోసారి వస్తాయి, అప్పుడు తడి కోసం. బాత్రూంలో, కుండ కింద కనబడేవి అవే.

బారు కనబడగానే చెయ్యి తడిగుడ్డ మీదికి పోతుంది. దయచేసి ఒక్క పది నిమిషాలు ఆగండి. మనకు కనబడేవి మేతకు వచ్చిన కూలి చీమలు మాత్రమే. గుడ్లు పెట్టే రాణి గూట్లోనే ఉంటుంది. ఆ గూటికి దారి చూపేది ఈ బారే.

చక్కెర డబ్బా దాకా నల్ల చీమల బారు

టార్చి పట్టుకొని, మేత మోసుకుపోయే చీమల వెంట చూపు నడిపించండి. మా ఇంట్లో అవి పొయ్యి వెనక నుంచి దిగి, నల్లా పైపు గోడలోకి పోయే చోట మాయమయ్యాయి. అక్కడున్న సందులో అగ్గిపుల్ల కూడా పట్టదు.

ఆ సందు వెంటనే మూయకండి, ముందు ఎర పెట్టండి. అర గ్లాసు, అంటే 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఐదు చిన్న చెంచాల చక్కెర, పావు చెంచా బోరిక్ యాసిడ్ కరిగించండి. దూది ముంచి, సీసా మూతలో పెట్టి, బారు పక్కనే ఉంచండి. మొదటి రోజు చీమలు మూత చుట్టూ ముసురుకుంటాయి. చూస్తే టెన్షన్ వస్తుంది, కానీ మందు పనిచేసేది ఇలాగే. అవి కడుపు నింపుకొని పోయి గూట్లో పిల్లలకు, రాణికి నోటితో పంచుతాయి. మందు ఎక్కువేస్తే తొందరగా చస్తాయని పావు చెంచాను చెంచా చేయకండి. అప్పుడు చీమ దారిలోనే చస్తుంది, మందు రాణి దాకా చేరదు. రెండు మూడు రోజులకోసారి దూది మార్చండి. రెండు వారాలైనా పట్టొచ్చు. బారు పూర్తిగా ఆగాక సబ్బునీళ్లతో దారంతా కడిగి, వైట్ సిమెంటుతో సందు మూయండి. చీమలు నడిచిన చోట వదిలే వాసన సబ్బుకే పోతుంది, ఉత్త నీళ్లకు సరిగా పోదు.

తీపిని ముట్టకపోతే వాటికి నూనె వస్తువు కావాలన్నమాట. పల్లీల ముద్దలో చిటికెడు బోరిక్ కలిపి పెట్టండి. ఏ ఎరైనా పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందకూడదు. బతుకమ్మ పండుగకు చేసిన సత్తుపిండి, పాలగిన్నె లాంటివి ఈలోగా నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టుకుంటే చాలు.

స్ప్రే కొట్టాక ఒక బారు మూడయింది

రెండు మిల్లీమీటర్ల పొడవు, పసుపు ఎరుపు కలిసిన రంగు ఉంటే అవి ఫారో చీమలు కావచ్చు. వీటి గూట్లో చాలామంది రాణులుంటారు. స్ప్రేతో బెదిరితే గుంపు విడిపోయి తలో చోట కొత్త కాపురం పెడుతుంది. మా ఇంట్లో నేను చేసిన తప్పు ఇదే: వంటింట్లో కొడితే వారంలో దేవుడి గూట్లో, మంచం పక్క గోడలో తేలాయి. వీటికి ఎర ఒక్కటే మందు. వారాల తరబడి ఓపిక పట్టాలి.

పాతకాలం గమాక్సిన్ పొడి ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే వాడకండి. బీహెచ్‌సీ అనే ఆ మందును మన దేశంలో 1997లోనే నిషేధించారు. చీమల చాక్‌పీసు కూడా పురుగుమందే. పిల్లలు పలక మీద రాసే బలపమనుకొని నోట్లో పెట్టుకుంటారు.

బండల సందుల్లో మెత్తటి మట్టి, కాళ్లకు చురుకు

తాండూరు బండలు పరిచిన పాత ఇళ్లలో పొద్దున్నే చిన్న మట్టి కుప్పలు కనబడతాయి. కింద పుట్ట ఉంది. కుట్టే ఎర్రచీమలైతే కుప్ప మీద కాదు, దాని పక్కన ఎర పెట్టండి. వాకిట్లో పుట్టయితే సలసల కాగే నీళ్లు కొంత పనిచేస్తాయి, కానీ చెట్ల వేళ్ల దగ్గర పోయకండి. కుట్టిన చోట సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

స్విచ్‌బోర్డులో చీమలు

స్ప్రే అస్సలు వద్దు, మంట అంటుకోవచ్చు. మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో శుభ్రం చేయించండి.

దర్వాజా చెక్క రాలుతోంది, గోడకు మట్టి గీతలు

ఇది చీమల పని కాదు, చెద. గండుచీమలు కట్టెను తినవు. వాన రాత్రి లైటు చుట్టూ ముసిరే రెక్కల పురుగును చూస్తే తేడా తెలుస్తుంది. నాలుగు రెక్కలూ సమానంగా ఉండి, నడుము లావుగా ఉంటే ఉసిళ్లు, అంటే చెదలే. నడుము సన్నగా, వెనక రెక్కలు పొట్టిగా ఉంటే చీమలు. చెదకు చక్కెర ఎర పనిచేయదు, దాని వైద్యం వేరు.

అన్నీ చేసినా బాల్కనీ నుంచి వస్తూనే ఉన్నాయి

మందార కుండీలో ఆకు తిప్పి చూడండి. కొమ్మ కణుపుల్లో తెల్లటి పిండిలా అంటుకొని ఉన్నది పిండినల్లి. అది విసర్జించే తీపి జిగురు కోసమే చీమలు వస్తాయి. పైగా నల్లిని శత్రువుల నుంచి కాపాడతాయి కూడా. పిండి పట్టిన కొమ్మలు కత్తిరించి పారేసి, మిగతా చెట్టును పలచని సబ్బునీళ్లతో తుడిచి, తర్వాత మంచినీళ్లు చల్లండి. నల్లి పోయేదాకా వారానికోసారి ఇలా చేయండి, కొమ్మ కిటికీకి తగలకుండా కుండీని కాస్త జరిపి పెట్టండి.