ఖాళీ చేసిన ఫ్లాట్ అడ్వాన్స్ మొత్తం ఎలా రాబట్టుకున్నానంటే

నల్గొండ నుంచి వెళ్లి ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు కిరాయికుండే మనవాళ్లు పదే పదే అడిగేది ఇదే, అందుకే రాస్తున్నా. మేం ఖాళీ చేశాక రెండు నెలల అడ్వాన్స్‌లో ఒక నెలది పెయింటింగ్‌కి పట్టుకుంటానన్నాడు ఓనర్, మిగతాది కూడా రేపు మాపు అంటూ నాన్చాడు. ఫోన్లు, అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటుతో చెప్పించడం, బ్రోకర్‌ని పట్టుకోవడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఉత్తరం. ముందు అగ్రిమెంట్ తీసి లైను లైనూ చదివా, పెయింటింగ్ మాట ఎక్కడా లేదు. తర్వాత అడ్వాన్స్ పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్, తాళాలిచ్చేటప్పుడు తీసిన వీడియో (గోడలు, సింకు కింద, కరెంటు మీటర్ రీడింగ్ అన్నీ అందులో ఉన్నాయి) పక్కన పెట్టుకుని ఒకే పేజీ రాశా: ఎంత రావాలి, ఏ తేదీన ఖాళీ చేశాం, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల కిరాయిదారు బాధ్యత కాదని 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్తోందని, 15 రోజుల్లో ఇవ్వకపోతే న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ పిటిషన్ (కోర్టు కేసు వేయకముందే రాజీ కోసం పెట్టుకునే అర్జీ) వేస్తానని. ఒక్క తిట్టు లేదు, అదే పనిచేసిందేమో. స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫొటో ఆయనకే వాట్సాప్ చేశా. గడువులోపే "ఇంతదానికి కేసులెందుకు తమ్మీ" అని ఫోన్ చేసి, విరిగిన కుళాయికి 500 తగ్గించి మిగతాదంతా వేశాడు. ఆ 500 న్యాయమే.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను. పెయింటింగ్ కోతకి ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే ఈ వాదన నిలవడం కష్టం. నోటిమాట మీద ఉన్నవాళ్లకి బ్యాంకు ఎంట్రీలే దిక్కు. ఓనర్ మొండికేస్తే ఆ పిటిషన్ నిజంగానే వేయొచ్చు, కోర్టు ఫీజుండదు, కానీ రాజీకి ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మాత్రం ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో రాజీ మీద ఇచ్చే అవార్డు (తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం.