నూనె మార్చే ముందు చెంచాతో కొలవండి

బరువు తగ్గాలని ఖరీదైన నూనె కొనే ముందు, ఇప్పుడు వాడుతున్నది రోజుకు ఎంతో కొలిచి చూడండి. ఏ నూనె అయినా గ్రాముకు 9 క్యాలరీలే. ఒక టేబుల్ స్పూన్ అంటే దాదాపు 120. ఆలివ్ ఆయిల్ సీసా మీద 'లైట్' అని ఉంటే అది రంగు, రుచి గురించే, క్యాలరీల గురించి కాదు.

అలాగని నూనెలన్నీ ఒకటే అనలేం. స్వీడన్‌లోని ఉప్సల యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో 39 మంది ఏడు వారాలు మామూలు తిండితో పాటు అదనంగా మఫిన్లు తిన్నారు. కొందరికి సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్) ఎక్కువుండే పామాయిల్‌తో చేసినవి, మిగతావాళ్లకు సన్‌ఫ్లవర్ నూనెతో చేసినవి. (ఇలాంటి ప్రయోగానికి మనల్నెవరూ పిలవరు!) బరువు రెండు గుంపులకీ దాదాపు ఒకేలా పెరిగింది. కానీ పామాయిల్ వాళ్లకు కాలేయంలోనూ, పొట్ట లోపలి అవయవాల చుట్టూ కొవ్వు ఎక్కువ పేరుకుంది. సంతృప్త కొవ్వు తగ్గించమనేది గుండె కోసమే కాదన్నమాట.

కొబ్బరి నూనె కొవ్వు కరిగిస్తుందన్న ప్రచారం నమ్మి కాఫీలో కలుపుకుంటున్నారా? ఆ పేరు తెచ్చిపెట్టింది ఎంసీటీ (మీడియం చైన్ ట్రైగ్లిజరైడ్స్ అనే ఒక రకం కొవ్వు) నూనె. అందులోని చిన్న కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి వెళ్లి త్వరగా ఖర్చవుతాయి. కొబ్బరి నూనెలో అవి తక్కువ. దాదాపు సగం లారిక్ ఆమ్లమే, అది చాలావరకు మామూలు కొవ్వులాగే ఒంట్లోకి చేరుతుంది. ఆ చెంచా మానేయడమే మేలు.

చేయాల్సింది చిన్న పని. ఇంట్లో మనిషికి రోజుకు ఎన్ని చెంచాలో అనుకుని, పొద్దున్నే ఆ మొత్తాన్ని చిన్న సీసాలో పోసి పెట్టుకోండి. వంటంతా అందులోంచే చేయండి.