కాలేజీ క్యాంపస్‌లో కాఫీ బండి: పెట్టుబడి పెట్టే ముందు గిరాకీ తేల్చుకోవడం ఎలా

క్యాంపస్‌లో కాఫీ బండి గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది రెండు లెక్కల మీద ఆధారపడి ఉంటుంది. క్లాసుకీ క్లాసుకీ మధ్య దొరికే పది నిమిషాల్లో ఎన్ని కప్పులు చేతికి అందించగలరు? అలాంటి రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయి? రుచి, బండి రంగు, పేరు, లోగో వీటి తర్వాతే. మెషీన్‌కి అడ్వాన్సు ఇవ్వకముందే ఈ రెండు లెక్కలూ తేల్చుకోవచ్చు. అందుకు నాలుగు పెద్ద ఫ్లాస్కులు, ఒక మడత బల్ల, ఐస్ బాక్సు, లెక్క రాసుకునే పుస్తకం, నెల రోజుల ఓపిక చాలు.

ముందు రోజుల లెక్క

రెండు సెమిస్టర్లు, ఒక్కోటి 15–16 వారాలు, వారానికి 5 రోజులు అనుకుంటే క్లాసులు జరిగేది 150–160 రోజులు. పండగలు, ప్రిపరేషన్ సెలవులు పోతే ఇంకా తగ్గుతుంది. స్థలం అద్దె, బీమా, అప్పు వాయిదా మాత్రం 12 నెలలూ కట్టాలి. అందుకే ఏడాది స్థిర ఖర్చుని 365తో కాదు, 300తోనూ కాదు, 150తో భాగించండి. చాలామంది కాగితం మీద చూపించే లాభం ఈ ఒక్క భాగహారంతోనే మాయమవుతుంది. మీ క్యాంపస్ అకడమిక్ క్యాలెండర్ తీసుకుని, క్లాసులు జరిగే రోజుల్ని వేలు పెట్టి లెక్కించండి. పరీక్షల రోజుల్ని విడిగా రాసుకోండి. ఆ రోజుల్లో క్లాసుల మధ్య రద్దీ ఉండదు, జనం లైబ్రరీ దగ్గర, సాయంత్రం పూట ఉంటారు.

అనుమతి

క్యాంటీన్ కాంట్రాక్టులో "ఆవరణలో వేరెవరూ తినుబండారాలు, పానీయాలు అమ్మకూడదు" అనే షరతు ఉందేమో మొదట కనుక్కోండి. ఉంటే మీ ముందు రెండే దారులు: ఆ కాంట్రాక్టరుతోనే ఒప్పందం చేసుకోవడం, లేదా గేటు బయట నిలబడడం. షరతు లేకపోతే ఆవరణ నిర్వహణ చూసే ఆఫీసుకి వెళ్లి రెండు వారాల ట్రయల్‌కి అనుమతి అడగండి. స్థలం, వేళలు, చెత్త ఎవరు తీస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. నోటిమాట అనుమతి సెక్యూరిటీ గార్డు దగ్గర చెల్లదు. ఫ్లాస్కులతో మొదలుపెట్టడానికి ఒక కారణం ఇదే. మంట లేదు, గ్యాస్ సిలిండర్ లేదు, జనరేటర్ లేదు కాబట్టి కాదనడానికి వాళ్లకి సాకులు తక్కువ. ఆహారం అమ్మే లైసెన్సు విషయంలో మీ ఊరి నిబంధనలు ట్రయల్‌కి కూడా వర్తిస్తాయి, ముందే చూసుకోండి.

బల్ల వేయకముందు: నిలబడి లెక్కపెట్టడం

రెండు మూడు చోట్లు ఎంచుకోండి. ప్రతి చోటా బెల్లుకి 10 నిమిషాల ముందు నుంచి 15 నిమిషాల తర్వాత వరకు నిలబడి, అయిదేసి నిమిషాలకి ఒక గడి చొప్పున గీతలు గీయండి. దాటి వెళ్లినవాళ్లు ఎందరు, ఏ దిక్కుకి, చేతిలో కప్పో సీసానో ఉన్నవాళ్లు ఎందరు. వారం మొత్తం ఇలా చేయాలి. టైంటేబుల్ రోజుకో తీరుగా ఉంటుంది కనుక సోమవారం కిటకిటలాడిన దారి శుక్రవారం ఖాళీగా కనిపించవచ్చు.

స్థలం విషయంలో మా అభిప్రాయం గట్టిదే: జనం నడిచే దారిలోనే, వాళ్లు నడిచే వైపునే ఉండాలి. పది నిమిషాల విరామంలో ఎవరూ దారి దాటి అవతలికి రారు. క్లాసు తలుపుకి మరీ దగ్గరైతే క్యూ అడ్డమై ఫిర్యాదులు వస్తాయి. పది మంది నిలబడేంత ఖాళీ, నీడ, చదునైన నేల కావాలి. క్యాంటీన్ పక్కన పెడితే ఎక్కువ జనం కనిపిస్తారు గానీ వాళ్లు అప్పటికే తాగడానికి వేరే చోటు చూసుకున్నవాళ్లు. క్యాంటీన్‌కి వెళ్లి రావడానికి విరామం సరిపోని బ్లాకు మీకు అసలైన చోటు.

లెక్క పెడుతున్న వారంలోనే 20–30 మందితో మాట్లాడండి. "ఇక్కడ కాఫీ పెడితే కొంటారా?" అని అడగొద్దు. మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. జరిగిన సంగతే అడగండి: నిన్న కాఫీ ఎక్కడ తాగారు? ఎంతకి? ఎంతసేపు నిలబడ్డారు? క్లాసుకి ఆలస్యమైందా? తాగలేదంటే ఎందుకు? హాస్టల్ గదిలో కెటిల్, ఇన్‌స్టంట్ పొడి ఉన్నాయనే జవాబు తరచూ వస్తుంటే, మీకు పోటీ క్యాంటీన్ కాదు, ఆ కెటిల్.

ట్రయల్‌కి సరంజామా, కొలతలు

రోజుకి 60 కప్పులతో మొదలుపెట్టండి. 200 మి.లీ. కప్పులో 160 మి.లీ. పోస్తే నడుస్తూ తీసుకెళ్లినా ఒలకదు. అందులో 130 మి.లీ. కాఫీ, 30 మి.లీ. పాలు. పాలు వద్దనేవాళ్లకి పూర్తిగా కాఫీయే పోయాలి కాబట్టి మొత్తం 9 లీటర్ల కాఫీ చేసుకోండి.

లీటరు నీళ్లకి 60 గ్రాముల పొడి, నీటి వేడి 90–96 డిగ్రీలు. తడిసిన పొడి గ్రాముకి సుమారు 2 గ్రాముల నీటిని తనలోనే ఉంచుకుంటుంది. కాబట్టి 9 లీటర్లు చేతికి రావాలంటే 10 లీటర్లకి పైగా నీళ్లు, 600–620 గ్రాముల పొడి పట్టాలి. పొడిని కొలపాత్రతో కాకుండా తూకం వేసి తీసుకోండి. రోజుకో చిక్కదనం ఉంటే రెండో వారం గిరాకీ ఎందుకు పడిందో మీకే అర్థం కాదు.

ఫ్లాస్కుల్లో ముందు మరిగే నీళ్లు పోసి, 5–10 నిమిషాలు ఉంచి పారబోసి, అప్పుడు కాఫీ నింపండి. చల్లటి ఫ్లాస్కులో పోస్తే మొదటి గంటలోనే వేడి దిగిపోతుంది. నొక్కే పంపు ఉన్నవాటికన్నా కుళాయి ఉన్నవి తీసుకోండి, కప్పు త్వరగా నిండుతుంది. ఫ్లాస్కు వేడిని మూడు గంటలు నిలిపినా రుచిని నిలపలేదు. గంట, గంటన్నర దాటితే కాఫీ చప్పబడి చేదెక్కుతుంది. అందుకని సగం పొద్దున్నే, మిగతా సగం నడి ఉదయానికి తెప్పించుకునే ఏర్పాటు ఉండాలి. కాఫీని స్టవ్ మీద పెట్టి వేడిగా ఉంచే ఆలోచన మానుకోండి, ఇంకా త్వరగా పాడవుతుంది.

పాశ్చరైజ్ చేసిన పాలు 2 లీటర్లు, ఐస్ బాక్సులో 5 డిగ్రీలకి లోపు ఉండాలి. 80 డిగ్రీల కాఫీ 130 మి.లీ.లో చల్లటి పాలు 30 మి.లీ. కలిస్తే కప్పులో వేడి దాదాపు 66 డిగ్రీలు అవుతుంది. క్లాసుకి పరుగెత్తేవాళ్లు వెంటనే తాగగలిగే వేడి అది. పాలు ఎక్కువ పడాలనే చోట కాఫీని చిక్కగా, 1 వంతు కాఫీ పొడికి 12 వంతుల నీళ్లతో చేసి, వేడి పాలు వేరే ఫ్లాస్కులో పట్టుకెళ్లండి. ఆ పాల వేడి 60 డిగ్రీల కిందికి దిగకూడదు, రెండు గంటలు దాటితే పారబోయాలి. 5కీ 60కీ మధ్య వేడిలో పాలల్లో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వాసన రాలేదంటే బాగున్నట్టు కాదు.

చేతులు కడుక్కోవడానికి కుళాయి డబ్బాలో 10 లీటర్ల నీళ్లు, సబ్బు, వాడిన నీళ్లకి బకెట్, రెండు చెత్త సంచులు కూడా ఉండాలి. అంతా కలిస్తే 30 కిలోలు దాటుతుంది. చిన్న చక్రాల ట్రాలీ కంకర దారిలో కదలదు, పెద్ద చక్రాలున్నది చూసుకోండి. దారిలో మెట్లున్నాయేమో ముందురోజే ఖాళీ ట్రాలీతో ఒకసారి నడిచి చూడండి.

కప్పుకి ఎన్ని సెకన్లు

పది నిమిషాల విరామంలో అమ్మకానికి దొరికేది ఆరు నిమిషాలే. గది నుంచి మీ దాకా రావడానికి రెండు నిమిషాలు, తిరిగి వెళ్లడానికి రెండు. అంటే 360 సెకన్లు. అప్పటికప్పుడు ఎస్ప్రెస్సో (మెషీన్ ఒత్తిడితో వేడినీళ్లు పంపి తీసే చిక్కటి కాఫీ) తీసి పాలు నురగ కట్టించి ఇస్తే, ఒక్క మనిషికి కప్పుకి 90 సెకన్లు పడుతుంది. విరామానికి 4 కప్పులు. ఫ్లాస్కు నుంచి పోసి డబ్బు తీసుకుంటే కప్పుకి 20 సెకన్లు, 18 కప్పులు. ఒకరు డబ్బు, ఒకరు పోత చూసుకుంటే 12 సెకన్లు, 30 కప్పులు.

డబ్బు దగ్గరే ఎక్కువ సమయం పోతుంది. ధర చిల్లర అవసరం లేని గుండ్రటి అంకె కావాలి. స్కాన్ చేసే కోడ్ బల్ల మీద కాకుండా క్యూ మధ్యలో, కంటి ఎత్తున ఒకటి, ముందు ఒకటి పెట్టండి. బల్ల దగ్గరికి వచ్చేసరికి చెల్లింపు అయిపోతుంది. బెల్లు కొట్టగానే వందల ఫోన్లు ఒకేసారి నెట్ వాడతాయి కాబట్టి నెట్‌వర్క్ మందగిస్తుంది. ఆ వేళకే స్కాన్ చేసి చూసుకోండి, మధ్యాహ్నం పనిచేసిందని నమ్మొద్దు. చక్కెర, కలిపే పుల్లలు పక్క బల్ల మీద ఉంచండి. బోర్డు మీద ఒకే రకం కాఫీ, ఒకే సైజు. జనం అడిగి దొరకనివి పుస్తకంలో రాసుకోండి, ట్రయల్ మధ్యలో చేర్చకండి.

రెండు వారాలు

అసలు ధరకే అమ్మండి. ఉచితంగా ఇస్తే జనం వస్తారు, కానీ అది ఉచితానికి ఉన్న గిరాకీ. తగ్గింపు ధర కూడా అంతే: ధర తగ్గించడం ఎప్పుడైనా సులువు, పెంచడం కష్టం. ఫెస్ట్ రోజు, కొత్త విద్యార్థులు చేరే మొదటి వారం, పరీక్షల వారం ట్రయల్‌కి పనికిరావు. మీ స్నేహితులు కొన్న కప్పులకి వేరే గుర్తు పెట్టి, లెక్క నుంచి తీసేయండి.

ప్రతి విరామానికీ నాలుగు అంకెలు రాయాలి: దాటి వెళ్లినవాళ్లు, కొన్నవాళ్లు, క్యూ చూసి వెనక్కి వెళ్లినవాళ్లు, మిగిలిన కాఫీ. మూడోది ఎవరూ రాయరు, అన్నిటికన్నా విలువైనది అదే. విరామానికి 18 అమ్మి, పది మంది వెనక్కి పోతే లోపం మీ వేగంలో ఉంది. క్యూ లేకుండా 9 మాత్రమే అమ్ముడైతే గిరాకీయే లేదు. రెండింటికీ మందు వేరు. పోసేవాళ్లు ఇది లెక్కపెట్టలేరు, ఇంకొకరు దూరంగా కూర్చోవాలి.

మొదటి వారం కొన్న ప్రతి ఒక్కరికీ వరస నంబరు వేసిన చిన్న కార్డు ఇచ్చి, కొన్నప్పుడల్లా చిల్లు పెట్టండి. కొత్త మోజు మొదటి రెండు రోజులు అంకెల్ని పెంచుతుంది. రెండో వారం అవే కార్డులు తిరిగొస్తున్నాయా అన్నదే అసలు సమాచారం. పది కప్పులకి ముందే డబ్బు కట్టే కార్డు కూడా అమ్మి చూడండి. ఎవరైనా కట్టారంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. ట్రయల్ ఆగితే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తామని కార్డు మీదే రాసి, మాట నిలుపుకోండి.

ఒకేసారి రెండు మార్పులు చేయకండి. చోటు, ధర రెండూ మారిస్తే అమ్మకం ఏది మార్చిందో తెలియదు. వాన పడిన రోజుని పక్కన గుర్తు పెట్టుకోండి.

డబ్బు లెక్క

కప్పు ధరని 100 భాగాలు అనుకుందాం. ఉదాహరణకి పొడి, పాలు, చక్కెర 22. కప్పు, మూత 10. చెల్లింపు రుసుము 2. ఒలికేది, పారబోసేది 6. మిగిలేది 60. మీ అంకెలు వేరే ఉంటాయి, అవి వేసుకోండి. రోజు స్థిర ఖర్చు (ఇద్దరి కూలి, రవాణా, అద్దెతో సహా ఏడాది స్థిర ఖర్చులో 150వ వంతు) 45 కప్పుల ధరతో సమానం అనుకుంటే 4,500 భాగాలు. దాన్ని 60తో భాగిస్తే 75. రోజుకి 75 కప్పులు అమ్మితే పెట్టింది వస్తుంది, లాభం 76వ కప్పు నుంచి. మీ కూలి మీరు తీసుకోకపోయినా లెక్కలో వేయండి. లేకపోతే ఉచితంగా పనిచేస్తున్న సంగతి సెమిస్టర్ అయ్యాక తెలుస్తుంది.

ఇప్పుడు దీన్ని సెకన్ల లెక్క పక్కన పెట్టండి. రోజుకి నాలుగు రద్దీ వేళలు, ఒక్కో వేళకి 18 కప్పులైతే గరిష్ఠం 72. క్యూ రోజంతా నిండినా 75 దాటలేరు. ఇద్దరు కలిసి 30 చొప్పున అందిస్తే 120, అప్పుడు చోటు ఉంది. ఇక దాటి వెళ్లేవాళ్ల లెక్క: ఆ నాలుగు వేళల్లో 600 మంది వెళ్తుంటే ప్రతి 8 మందిలో ఒకరు కొనాలి. 250 మందే అయితే పదిలో ముగ్గురు, అది చాలా ఎక్కువ. ఆ చోటు వదిలేయడం మేలు.

ట్రయల్ మొదలవకముందే "రెండో వారం సగటు ఇంత దాటితే ముందుకు, ఇంతకన్నా తగ్గితే ఆపడం" అని రాసి భాగస్వాములందరూ సంతకం పెట్టండి. రెండు వారాలు ఎండలో నిలబడ్డాక ఏ అంకె అయినా మంచిదిగానే కనిపిస్తుంది.

మెషీన్ గురించి ఎప్పుడు ఆలోచించాలి

ఫ్లాస్కు కాఫీ అమ్మకం మీరు ముందే రాసి సంతకం పెట్టిన అంకె దాటాకే. కరెంటు లెక్క ముందు వేయండి. 10 లీటర్ల నీళ్లని 25 నుంచి 95 డిగ్రీలకి తేవడానికి దాదాపు 0.8 యూనిట్లు కావాలి, 2 కిలోవాట్ల హీటరుతో 25 నిమిషాలు. వేడి బయటికి పోయేది దీనికి అదనం. రెండు గ్రూపుల (కాఫీ దిగే చోట్లు రెండున్న) ఎస్ప్రెస్సో మెషీన్ సాధారణంగా 3 కిలోవాట్లు, అంతకు పైనే లాగుతుంది. బ్యాటరీ పెట్టుకుంటే ఇన్వర్టర్ సామర్థ్యం ఆ గరిష్ఠ వాట్లకన్నా ఎక్కువ ఉండాలి, లేదంటే మెషీన్ వేడెక్కే సమయంలోనే ట్రిప్ అవుతుంది. క్లాసుల పక్కన జనరేటర్ శబ్దానికి అనుమతి రావడం కష్టం. పక్క భవనం నుంచి ప్లగ్ ఇస్తారా, ఎన్ని ఆంపియర్లది, వైరు నడిచే దారికి అడ్డం పడకుండా ఎలా వస్తుంది అని ఆవరణ ఆఫీసులో అడగండి. ప్లగ్ దొరికితే ఎస్ప్రెస్సోకన్నా ముందు, ఒకేసారి రెండు మూడు లీటర్లు దింపే బ్రూవర్ కొనడం మా సలహా. విరామానికి పావుగంట ముందు తాజాగా దింపుకోవచ్చు, కప్పుకి 12 సెకన్ల వేగం తగ్గదు.