వాపు ఎప్పుడు మొదలైందో తెలియకుండా డెక్సా సూది వేయించుకోవద్దు

పోయిన వారం ప్రొద్దుటూరు పక్క పల్లె నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. షుగర్ ఉంది. చీలమండ దగ్గర దోమ కుడితే బాగా గోకాడు. మూడో రోజు కాలు వాచింది. దోమకాటు అలర్జీ అని ఊళ్లోనే అవిల్ (అలర్జీ మందు), డెక్సా (స్టెరాయిడ్) కలిపి సూది వేశారు. ఆ పూటకు ఎరుపు తగ్గినట్టు కనిపించింది. మర్నాడు మళ్లీ వాస్తే మళ్లీ అదే సూది వేశారు. మా దగ్గరికి వచ్చేసరికి పాదం మీద చర్మం నల్లబడి ఉంది. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

ఆయన వేళ్లు పోయింది దోమ వల్ల కాదు. ఆ వాపు అలర్జీదా, క్రిములదా అని ఎవరూ అడగకపోవడం వల్ల. కట్టు కట్టే గదిలో పనిచేసేదాన్ని కాబట్టి ప్రతి వానల సీజన్‌లోనూ ఇలాంటి కాళ్లు చూస్తూనే ఉన్నాను. మన దగ్గర నైరుతి వానలు వెళ్లగానే ఈశాన్య వానలు అందుకుంటాయి. కడపలో బుగ్గవంక పక్కన, కర్నూలులో హంద్రీ ఒడ్డున, కేసీ కాలువ పొడవునా నవంబరు దాకా దోమలే దోమలు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నీళ్లు నిలవనివ్వకండి, దోమతెర కట్టుకోండి అని ఆటో మైకులో రోజూ చెబుతూనే ఉన్నారు, అది మళ్లీ నేను చెప్పను.

హిస్టమిన్ చేసే పని, దాని టైము

కుట్టేది ఆడదోమే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. పీల్చేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా తన ఉమ్మిని చర్మంలోకి వదులుతుంది. నవ పుట్టించేది ఆ ఉమ్మిలోని ప్రొటీన్లే. నాలుగుసార్లు కుట్టించుకున్నాక మన ఒళ్లు వాటిని పరాయివని గుర్తుపట్టి, ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. అవి చర్మంలోని మాస్ట్ కణాలకు అంటుకుని ఉంటాయి. మళ్లీ దోమ కుట్టగానే ఆ కణాలు తమలో దాచుకున్న హిస్టమిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా బయటికి వదిలేస్తాయి.

హిస్టమిన్ సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, అందుకే ఎర్రబడుతుంది. వాటి గోడల్లోంచి నీరు బయటికి ఊరేలా చేస్తుంది, అందుకే ఉబ్బుతుంది. నరాల కొసలను రేపుతుంది, అందుకే దురద. ఇదంతా నిమిషాల్లో మొదలై, ఇరవై ముప్పై నిమిషాలకు బాగా ముదురుతుంది. ఆ తర్వాత కొందరికి గట్టి బొడిపె వస్తుంది. అది ఒళ్లు కాపాడుకునే వేరే కణాల పని. అది ఒకటి ఒకటిన్నర రోజుకు బాగా పెరిగి, మెల్లగా వారంలో పోతుంది.

కొందరికి ఇంకా పెద్దగా వస్తుంది. కనురెప్ప మీద కుడితే కన్ను మూసుకుపోతుంది. మణికట్టు మీద కుడితే మోచేతి దాకా వాచి, వేడిగా, ఎర్రగా ఉంటుంది. కాస్త జ్వరం కూడా రావచ్చు. దీన్ని స్కీటర్ సిండ్రోమ్ అంటారు. 1999లో కెనడా డాక్టర్లు ఈ పేరు పెట్టారు. చూసినవాళ్లు హడలిపోతారు, యాంటీబయాటిక్ రాయమంటారు. కానీ ఇది కూడా అలర్జీయే. దీనికి ఒక గుర్తు ఉంది. కుట్టిన కొన్ని గంటల్లోనే మొదలవుతుంది.

క్రిములు అలా కాదు. గోటితో చర్మం చీలాక లోపలికి దిగి, పెరిగి, వాపు తెప్పించడానికి వాటికి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. అప్పుడు దురద కంటే నొప్పి ఎక్కువ. ముట్టుకోనివ్వరు. ఎరుపు రోజురోజుకూ పైకి పాకుతుంది. చలిజ్వరం వస్తుంది. కాలికైతే గజ్జల్లో, చేతికైతే చంకలో బిళ్ల కడుతుంది.

కాబట్టి అడగాల్సిన మొదటి మాట ఒకటే. వాపు ఎప్పుడు మొదలైంది? కుట్టిన పూటే మొదలై, దురద పెడుతూ, రెండో రోజు దాటాక తగ్గుముఖం పడితే ఎక్కువగా అలర్జీయే. రెండు మూడు రోజులయ్యాక మొదలై, నొప్పితో పెరుగుతూ ఉంటే క్రిములని అనుమానించి ఆ రోజే డాక్టరుకు చూపించాలి. టైము గుర్తులేకపోతే, ఏదో తేలకపోతే, షుగర్ ఉంటే, రెండోదే అనుకుని వెళ్లండి.

పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ గీత గీసి పక్కన టైము రాయండి. ఆరు గంటల తర్వాత చూడండి. గీత దాటిందా లేదా అన్నది మీకే కనిపిస్తుంది. ఫోన్లో ఫోటో కూడా తీసి పెట్టుకుంటే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

ఆ సూది ఎందుకు ప్రమాదం

డెక్సా అంటే డెక్సామెథాసోన్, స్టెరాయిడ్. అది చెడ్డ మందు కాదు, ప్రాణాలు నిలబెట్టిన మందు. దాని పని ఒళ్లు చేసే పోరాటాన్ని అణచడం. అలర్జీలో పోరాటం అనవసరం కాబట్టి అణిస్తే మేలు. క్రిములు లోపల ఉన్నప్పుడు అదే పోరాటం మనల్ని కాపాడుతూ ఉంటుంది. దాన్ని అణిస్తే పైకి ఎరుపు తగ్గుతుంది, జ్వరం దిగుతుంది, లోపల క్రిములకు అడ్డు ఉండదు. పైగా డెక్సా రక్తంలో షుగర్‌ను పెంచుతుంది. షుగర్ పెరిగితే పుండు మానదు. షుగర్ పేషెంటు కాలికి ఇంతకంటే చేటు లేదు.

సూది వేశాక తగ్గినట్టు కనిపించడమే అసలు మోసం. మనిషి ఇంటికెళ్లి పొలం పనికి పోతాడు. ఆ రెండు రోజులే చికిత్సకు విలువైన రోజులు. అందుకే మళ్లీ చెబుతున్నాను: వాపు ఎప్పుడు మొదలైందో చెప్పకుండా, వాళ్లు అడగకుండా, అవిల్-డెక్సా సూదికి చెయ్యి చాపొద్దు.

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లోనూ చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. దానికి బూజు మందు, యాంటీబయాటిక్ కలిపి ఒకే ట్యూబుగా అమ్ముతారు. గోకిన పుండు మీద, ముఖం మీద అది వద్దు. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, రంగు మారుతుంది, తామర ఉంటే ఒళ్లంతా పాకుతుంది. చర్మం చీలని దద్దు మీద తక్కువ పవరున్న స్టెరాయిడ్ నాలుగు రోజులు రాయమని డాక్టరు చెబితే అది వేరే సంగతి.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలి

హిస్టమిన్ పనిచేయాలంటే నాళాల మీద, నరాల మీద దానికో చోటు దొరకాలి. ఆ చోట్లను హెచ్1 రిసెప్టర్లు అంటారు. ఆర్టీసీ బస్సు రాగానే కిటికీలోంచి కండువా వేసి సీటు పట్టుకుంటాం కదా, సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి మాత్రలు చేసేది అదే. హిస్టమిన్ రాకముందే ఆ చోటు పట్టుకుంటాయి. వచ్చి కూర్చున్నాక దాన్ని లేపడం కష్టం. అప్పటికే ఊరిన నీటిని ఏ మాత్రా వెనక్కి లాగలేదు. ఫిన్లాండ్‌లో సెట్రిజిన్ మీద చేసిన పరిశోధనల్లోనూ ముందుగా వేసుకున్నవాళ్లకే దద్దు, దురద బాగా తగ్గాయి.

ప్రతిసారీ పెద్దగా వాచేవాళ్లు డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. తోటకు నీళ్లు కట్టడానికి రాత్రి వెళ్లే ముందు, తిరునాళ్లలో ఆరుబయట పడుకునే ముందు మాత్ర వేసుకుంటే మేలు. పెద్దవాళ్లకు సెట్రిజిన్ మామూలు మోతాదు రోజుకు 10 మిల్లీగ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే తగ్గించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడగకుండా వేసుకోవద్దు. చిన్నపిల్లల మోతాదు వయసును, బరువును బట్టి డాక్టరే చెప్పాలి.

అవిల్ (ఫెనిరమిన్), సీపీఎం (క్లోర్‌ఫెనిరమిన్) కూడా హిస్టమిన్‌ను అడ్డుకునేవే, కానీ పాత తరం మందులు. మగత ఎక్కువ. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాళ్లకు ఒంటేలు బిగదీయవచ్చు. గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాళ్లకు కంటికి ప్రమాదం. జలుబు మాత్రల్లో, పిల్లల జలుబు సిరప్పుల్లో కూడా సీపీఎం ఉంటుంది. దద్దుకు ఒకటి, జలుబుకు ఒకటి పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. సీపీఎం, ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్పులు నాలుగేళ్లలోపు పిల్లలకు వద్దని మన దేశపు మందుల నియంత్రణ సంస్థే 2023లో చెప్పింది.

ఊపిరి మీదికి వస్తే

దోమకాటుకు ఇది చాలా అరుదు. కందిరీగ, తేనెటీగ కుట్టినా, మందు పడకపోయినా ఎక్కువగా చూస్తాం. కుట్టిన చోటే కాదు, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పెదాలు, నాలుక ఉబ్బుతాయి. గొంతు బొంగురు పోతుంది, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. దీనికి మందు ఒకటే, తొడ బయటి వైపు కండలో వేసే అడ్రినలిన్. సెట్రిజిన్ మింగించి ఎదురుచూడొద్దు. ఇక్కడా జనం చేసేది అదే తప్పు, అవిల్-డెక్సా వేయించుకుని ఇంటికి పోవడం. డెక్సా పని మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది. అంత టైము ఉండదు.

108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి. నడిపించొద్దు, బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. అడ్రినలిన్ వేశాక తేరుకున్నా కొన్ని గంటలు ఆస్పత్రిలోనే ఉంచాలి, మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంది.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో.

- కాలి వేలు వాస్తుంటే మెట్టె తీసేయండి. ఉంగరం, కడియం, పసిపిల్లల మొలతాడు కూడా. వాపు ముదిరాక కత్తిరించాల్సి వస్తుంది. మెట్టె తీయకూడదన్న పట్టింపు ఇప్పుడు కాదు.
- సున్నం వద్దు. కిరోసిన్ వద్దు. టూత్‌పేస్టు వద్దు. కాపడం వద్దు.
- సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి. చల్లదనానికి నాళాలు ముడుచుకుంటాయి, ఊరే నీరు తగ్గుతుంది. తర్వాత కాలమిన్ లోషన్.
- పిల్లల గోళ్లు ఈ రోజే కత్తిరించండి. రాత్రిపూట నిద్రలో గోకుతారు, పసివాళ్ల చేతులకు సాక్సులు తొడగండి.
- ఏడాది రెండేళ్ల పిల్లలకు, మన దోమలు కొత్తయిన వాళ్లకు పెద్దగా వాస్తుంది. కువైట్ నుంచి దసరా సెలవులకు వచ్చే మనవళ్లు, మనవరాళ్లకు మొదటి వారం కన్నేసి ఉంచండి. ఏళ్ల తరబడి కుట్టించుకున్న పెద్దలకు ఏమీ కాలేదని పిల్లల వాపును తేలిగ్గా తీసుకోవద్దు.
- ఆస్తమా ఉన్న ఇంట్లో తలుపులు మూసి మస్కిటో కాయిల్ వెలిగించొద్దు.
- ఒంటికి రాసే దోమల మందు పిల్లల అరచేతులకు, కళ్ల దగ్గర, పుండ్ల మీద రాయొద్దు. డీట్ అనే రసాయనం ఉన్నది రెండు నెలల్లోపు పసికందుకు అసలే వద్దు.
- జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్ల వెనక నొప్పి ఉంటే దోమకాటు అలర్జీ అని సర్దిచెప్పుకోవద్దు. డెంగీ పరీక్ష చేయించండి. అది తేలేదాకా పారాసెటమాలే. బ్రూఫెన్ వద్దు, డైక్లో సూది వద్దు, ఆస్పిరిన్ వద్దు. రక్తస్రావం కావచ్చు.
- గజ్జల్లో, చంకలో, నడుము దగ్గర నల్లటి చెక్కు, నొప్పీ నవా లేకుండా, పైగా జ్వరం. అది దోమ కాదు. స్క్రబ్ టైఫస్ కావచ్చు. నల్లిని పోలిన సన్నటి పురుగు వల్ల వస్తుంది. డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. బట్టలు విప్పి చూస్తేనే ఆ చెక్కు కనిపిస్తుంది, డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడొద్దు.
- షుగర్ ఉన్నవాళ్లు రోజూ రాత్రి కాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. కంటిచూపు తగ్గితే కోడలినో మనవడినో చూడమనండి. స్పర్శ తగ్గిన పాదానికి నొప్పి తెలియదు, కాబట్టి నొప్పి లేదు కదా అని ఆగొద్దు. దోమకాటు పక్కన పాకే ఎరుపు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.
- సూది వేసేవాళ్లను ఏం సూది అని అడగండి. చీటీ మీద రాయించుకోండి. రాయనంటే అక్కడ వేయించుకోవద్దు. షుగర్ ఉందని వాళ్లు అడగకముందే చెప్పండి.
- మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు మింగి ఊరుకోవద్దు.
- కుట్టిన ప్రతిసారీ నీటిబొబ్బ వచ్చి, నల్లబడి, పుండుపడి, విపరీతమైన జ్వరం వచ్చే పిల్లలు ఎక్కడో ఒకరు ఉంటారు. అది మామూలు అలర్జీ కాదు, రక్తపరీక్షలు చేయించాలి. సర్వజన ఆస్పత్రిలో చూపించండి.
- పిల్లలు గోకిన చోట పసుపు పచ్చ చెక్కులు కడితే అది చీము పట్టిన పుండు. అప్పుడే చూపించండి. మానిపోయింది కదా అనుకున్నాక కూడా కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండాలి. ఆ పుండులోని స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల తర్వాత కిడ్నీలు దెబ్బతినవచ్చు. పొద్దున లేవగానే ముఖం ఉబ్బి ఉన్నా, మూత్రం తక్కువగా, టీ డికాక్షన్ రంగులో వచ్చినా ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి, నెల కిందట పుండ్లు లేచిన సంగతి కూడా చెప్పండి.