ఇంటి పన్ను ఆన్‌లైన్‌లో కట్టారు, రసీదు రాలేదా?

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఏడాది ఆస్తి పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది. అందుకే నెలాఖరులో అందరూ ఒక్కసారే మున్సిపల్ సైటు తెరుస్తారు. ఇబ్బందులూ అప్పుడే ఎక్కువ.

సమస్య: ఖాతాలో డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు.

కారణం: బ్యాంకు డబ్బు తీసుకుంది కానీ, ఆ సమాచారం పేమెంట్ గేట్‌వే (బ్యాంకుకూ సైటుకూ మధ్య చెల్లింపు నడిపే వ్యవస్థ) దాటి మున్సిపాలిటీ సైటుకు చేరలేదు. పేజీ ఆగిపోయినా, మనం కంగారుగా వెనక్కి నొక్కినా ఇదే జరుగుతుంది.

పరిష్కారం: దయచేసి వెంటనే మళ్లీ కట్టకండి. మా నాన్నగారి ఇంటికి నేను టెన్షన్‌లో రెండోసారి కట్టేశాను. రెండూ జమయ్యాయి. ఎక్కువైన సొమ్మును తర్వాతి అర్ధ సంవత్సరానికి సర్దించుకోవడానికి నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగాను.

ముందు లావాదేవీ నంబరు రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. మర్నాడు అదే అసెస్‌మెంట్ నంబరుతో (పన్ను లెక్కల్లో మీ ఇంటికి ఇచ్చిన నంబరు) బకాయి చూడండి. బకాయి లేకపోతే పన్ను జమైనట్టే, రసీదు మళ్లీ దించుకోవచ్చు. బకాయి అలాగే ఉంటే యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ మీదే ఫిర్యాదు పెట్టండి. సైటుకు నిర్ధారణ అందని యూపీఐ చెల్లింపును 5 రోజుల్లో వెనక్కి వేయాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలనీ రిజర్వ్ బ్యాంక్ 2019లోనే చెప్పింది. డబ్బు మున్సిపాలిటీకి చేరిపోయిందని బ్యాంకు అంటే, స్టేట్‌మెంట్ తీసుకుని రెవెన్యూ విభాగానికి వెళ్లండి.

సమస్య: అసెస్‌మెంట్ నంబరు కొడితే వివరాలు లేవంటోంది.

పాత రసీదు మీది పాత నంబరు కొట్టి ఉంటారు, లేదా వేరే మున్సిపాలిటీ ఎంచుకుని ఉంటారు. డోర్ నంబరుతో గానీ యజమాని పేరుతో గానీ వెతకండి. పేరు మార్పు చేయించని ఇళ్లకు ఇంకా తాతగారి పేరే ఉండవచ్చు, అదీ ప్రయత్నించండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ కుదరకపోతే ఇంటి పేరు ఒక్కటే ఇచ్చి చూడండి.

సమస్య: నిరుటి కంటే ఎక్కువ చూపిస్తోంది.

2021 ఏప్రిల్ నుంచి పన్నును ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం కలిపిన విలువ) మీద లెక్కిస్తున్నారు. అయితే పెంపు అంతకుముందు ఏడాది పన్నుపై 15 శాతం దాటకూడదు. పాత బకాయి, దాని మీద నెలకు 2 శాతం వడ్డీ కలిశాయేమో ముందు విడిగా చూడండి. అవి తీసేశాక కూడా, ఇంటికి కొత్త నిర్మాణమేమీ చేర్చకుండానే 15 శాతం దాటితే, రెండేళ్ల రసీదులు జతచేసి మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ పెట్టండి. మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకునే బయటికి రండి.