పూల సిరప్ ఎక్కడ తేడా కొడుతోంది?

పంచదార, నీళ్లు, పూలు. కావలసినవి మూడే అయినా పూల సిరప్ పాడయ్యే దారులు మాత్రం చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పూలను పంచదార నీళ్లలో వేసి మరగబెట్టడంతోనే మొదలవుతాయి. ముందు పాకం కరగనివ్వండి, స్టవ్ ఆపండి, పూలు ఆ తర్వాతే వేసి మూత పెట్టండి. అలా చేసినా తేడా వస్తే ఇదిగో చూడండి.

చేదుగా ఉంది, లేదా సబ్బు వాసన వస్తోంది

లావెండర్‌తో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. పూలు ఎక్కువయ్యాయి, లేదా ఎక్కువసేపు నానాయి. కప్పు పాకానికి ఎండు లావెండర్ ఒక టేబుల్ స్పూన్ దాటక్కర్లేదు. పది నిమిషాలకు ఒకసారి రుచి చూసి, అక్కడి నుంచి ఐదేసి నిమిషాలకు చూస్తూ ఉండండి. ఆ చూడటం కూడా ఒట్టి పాకాన్ని కాదు, ఎందుకంటే తీపి చేదును కప్పేస్తుంది. ఒక స్పూన్ పాకం తీసి గ్లాసు అడుగున కాసిని చల్లటి నీళ్లలో కలిపి తాగితే అసలు రుచి తెలుస్తుంది.

గులాబీతో చేదు వస్తే రేకు మొదట్లో ఉండే తెల్లటి భాగాన్ని అనుమానించండి. దాన్ని కత్తెరతో తీసేయాలి. తొడిమలు, ఆకుపచ్చ భాగాలు ఏ పువ్వువైనా వద్దు. వడకట్టేటప్పుడు గుడ్డను గట్టిగా పిండితే మిగిలిన వగరంతా కిందికి దిగుతుంది, సిరప్ మసకబారుతుంది కూడా. దానంతట అదే కారనివ్వండి.

ఇప్పటికే చేదెక్కిందా? బయటికి తీయలేం. పూలు వేయని పాకం కలిపి పలచన చేయండి, చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు చేదును కొంత అణచివేస్తుంది.

వాసనే లేదు

మల్లె లాంటి సున్నితమైన పూల పరిమళం వేడికి ఆవిరైపోతుంది. ఇలాంటి పూలకు స్టవ్ అక్కర్లేదు. సీసాలో ఒక వరుస పంచదార, ఒక వరుస తాజా పూలు వేస్తూ నింపి, మూత పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి పంచదార కొద్దిగా చెమ్మగిల్లి, మూత తీయగానే గుప్పుమంటుంది. పూలు ఏరేసి, పంచదారతో సమానంగా మామూలు నీళ్లు పోసి, కరిగేదాకా కుదపండి. ఐస్ పడ్డాక వాసన ఇంకా తగ్గుతుంది కాబట్టి సిరప్ కాస్త ఘాటుగా ఉండటమే మంచిది.

పూలు ఏరుకునే ముందు ఒక మాట. అలంకరణ కోసం అమ్మే పూల మీద పురుగుమందు ఉండొచ్చు, అవి వద్దు. పేరులో జాస్మిన్ ఉన్నంత మాత్రాన మల్లె కాదు, కరోలినా జాస్మిన్ విషపు మొక్క. గన్నేరు కూడా అంతే. ఏ పువ్వో కచ్చితంగా తెలియకపోతే వాడకండి.

రంగు మారిపోయింది

గులాబీ సిరప్ గోధుమరంగుకు తిరిగితే నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి, చాలాసార్లు గులాబీ రంగు కళ్లముందే తిరిగొస్తుంది. ఈ పూల రంగుకు మూలమైన ఆంథోసయానిన్లు పులుపును బట్టి రంగు మారుస్తాయి. శంఖుపూల నీలం నిమ్మరసంతో ఊదాగా మారేదీ ఇందుకే, అది లోపం కాదు. నీలమే కావాలంటే పులుపు కలపకండి. ఇనుము, అల్యూమినియం గిన్నెలు కూడా రంగు చెడగొడతాయి. స్టీలో గాజో వాడండి.

అడుగున పలుకులు కడుతోంది

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 గ్రాముల నీళ్లలో దాదాపు 200 గ్రాముల పంచదార కరుగుతుంది. చల్లబడేకొద్దీ కరిగేది ఇంకా తగ్గుతుంది, కాబట్టి రెండు పాళ్ల పంచదారకు ఒక పాలు నీళ్లతో చేసిన పాకాన్ని ఫ్రిజ్‌లో పెడితే ఆ హద్దు దాటినట్టే. గిన్నె అంచున కరగని పంచదార మిగిలితే పలుకులు ఇంకా త్వరగా కడతాయి, అందుకే అంచులను తడి బ్రష్‌తో తుడవాలి. సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి కరిగించి, రెండు స్పూన్ల నీళ్లు చేర్చండి.

బుడగలు, బూజు

బుడగలొస్తే పులిసినట్టు. బూజు కనిపిస్తే పైపైన తీసేసి వాడొద్దు, మొత్తం పారబోయండి. ఇక్కడ కప్పు కొలత మోసం చేస్తుంది. 240 మి.లీ. కప్పులో నీళ్లు 240 గ్రాములు, పంచదార మాత్రం సుమారు 200 గ్రాములే పడుతుంది. అంటే సమానం అనుకున్నది పలచటి పాకం, త్వరగా పాడవుతుంది. తూకం వేయండి. సీసాను మరిగే నీళ్లలో ఉంచి తీసి, పూర్తిగా ఆరాక నింపండి. ఫ్రిజ్‌లో రెండు వారాలకు మించి ఉంచాలంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించుకోవడం మేలు.

పాలల్లో కలిపితే విరిగిపోతున్నాయి

ఎర్ర గోగుపూల సిరప్ అయ్యుంటుంది. ఆ పువ్వే పులుపు. దాన్ని సోడాకో, టీ డికాక్షన్‌కో ఉంచి, పాలకు గులాబీ వాడుకోండి. అయితే రంగు కోసం నిమ్మరసం పిండని గులాబీ.